నైట్ షిఫ్టుల తిన్నది ఒంటబట్టదు అంటరు, అసలు సంగతేంది?

గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, భూపాలపల్లి దిక్కు బాయి (బొగ్గు గని) డ్యూటీ ఉన్న ఇండ్లల్ల ఒక మాట వినపడతది, నైట్ షిఫ్టుల తిన్నది ఒంటబట్టదు అని. పాత మాటనే ఇది. తట్ట మోసి బొగ్గు నింపిన కాలంల మనిషి నిజంగనే ఎండిపోయేటోడు కాబట్టి అప్పట్ల ఆ మాటకు అర్థం సన్నబడుడు, కండ కరిగిపోవుడు. ఇప్పుడు అదే మాట అనే ఇంట్ల చూస్తే నైట్లు చేసే మనిషికి పొట్ట ముందుకొచ్చి ఉంటది, డబ్బాల షుగర్ గోలీలు, పక్కన బీపీ గోలీలు, ఇగ ఒంటబట్టకపోవుడు ఏడిది అనిపిస్తది. కానీ శరీరం లోపల ఏమైతదో చూసుకుంట పోతే ఆ మాటల తప్పేం లేదు. రాత్రి రెండింటికి తిన్న బువ్వ పట్టాల్సిన దగ్గర పట్టది, కండల్లకు పోవాల్సిన చక్కెర రక్తంలనే ఎక్కువసేపు తిరుగుతది, తిరిగి తిరిగి ఆఖరికి నడుము చుట్టు కొవ్వు కింద కూసుంటది.

నైట్ డ్యూటీ అంటే ఈ దిక్కు ఎవరో కొందరి ముచ్చట కాదు. సింగరేణిల మూడు షిఫ్టులు, చాలా గనుల్ల పొద్దున 7 నుంచి 3, 3 నుంచి రాత్రి 11, 11 నుంచి మళ్ల పొద్దున 7. రామగుండం ఎన్టీపీసీల 1983ల మొదటి యూనిట్ మొదలైంది, జైపూర్ల సింగరేణి కరెంటు ప్లాంటు, చెల్పూర్ల కేటీపీపీ, బాయిలర్ మండుతున్నంతసేపు దాని కాడ మనిషి ఉండాల్సిందే, అది పగలా రాత్రా అని చూడది. కాజీపేట జంక్షన్ల గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్లకైతే షిఫ్టు అనేదే సరిగ్గ ఉండది, కాల్ వచ్చినప్పుడు పోవాలె. ఇగ వరంగల్ ఎంజీఎంల స్టాఫ్ నర్సులు, ఆర్టీసీ నైట్ ఔట్ బండ్ల డ్రైవర్లు కండక్టర్లు, మేడారం జాతర వచ్చిందంటే రాత్రి పగలు తేడా లేకుండ నిలబడే పోలీసోళ్లు, మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్ల బస్తాలు దింపే హమాలీలు. రైతులను కూడా మరిచిపోవద్దు, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నరు గానీ అంతకుముందు ఏండ్లకేండ్లు రాత్రి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు టార్చిలైటు పట్టుకోని మోటరు పెట్టవోయింది వాళ్లే, దాన్ని ఎవరూ నైట్ షిఫ్టు అని లెక్కలేయలే అంతే.

సరే, శరీరంల గడియారం అనే మాటకు వద్దాం. ఇది పోలిక కోసం చెప్పే మాట కాదు, నిజంగనే ఉంది. 1729ల ఫ్రాన్స్‌ల డి మైరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్ల పెట్టి చూసిండు, ఎండ తగలకున్నా అది పగలైతే ఆకులు విప్పుకుంటుంది, రాత్రైతే ముడుచుకుంటుంది. అంటే టైము బయట నుంచి కాదు, లోపల నుంచే వస్తుందన్నమాట. మనిషికి ఈ గడియారం మెదడుల హైపోథలామస్ అనే చోట, రెండు కండ్ల నరాలు ఒకదాన్నొకటి దాటే జాగకు కొంచెం పైన ఉంటది, దాన్ని ఎస్సీఎన్ అంటరు, సుమారు 20 వేల కణాలు, బియ్యం గింజకంటే చిన్నది. ఒక్కో కణం లోపల జరిగే పని మాత్రం చూడముచ్చటైనది. పీరియడ్ అనే జీన్ ఒక ప్రొటీన్ తయారు చేయిస్తది, ఆ ప్రొటీన్ జమై జమై మళ్ల వచ్చి ఆ జీన్‌నే బంద్ చేస్తది, బంద్ అయినంక ఉన్న ప్రొటీన్ మెల్లగ కరిగిపోతది, కరిగినంక జీన్ మళ్ల మొదలు. ఇంటి మీద ట్యాంకుల బాల్ వాల్వ్ ఉంటది చూడుండ్రి, నీళ్లు నిండితే అదే మూసుకుంటది, నీళ్లు దిగితే అదే తెరుచుకుంటది, అట్లనే, కాకపోతే ఇక్కడ ఒక్క సుట్టు తిరగనీకి ఇంచుమించు 24 గంటలు పడతది. ఈ పనిని విప్పి చెప్పినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017ల నోబెల్ ఇచ్చిండ్రు.

ఇంచుమించు అని ఎందుకు అన్నమంటే మనిషి గడియారం సరిగ్గ 24 గంటలది కాదు, సగటున 24 గంటల 10 నిమిషాల పైచిలుకు. రోజుకు ఆ కొంచెం వెనకబడుకుంట పోకుండ పొద్దటి వెలుతురు దాన్ని సరి చేస్తది. కంట్ల చూపుకు పనికొచ్చే కణాలు కాక వెలుతురును మాత్రమే కొలిచే వేరే కణాలు ఉన్నయని 2002ల తేలింది, వాటికి నీలి వెలుతురు బాగ తగులుతది, అవే పోయి ఎస్సీఎన్‌కు తెల్లారింది అని చెప్తయి, అప్పుడు చీకటైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ బంద్. చీకటి పడ్డంక మళ్ల మెలటోనిన్ వస్తది, ఒళ్లు చల్లబడుడు మొదలైతది, తెల్లారగట్ల నాలుగు ఐదు గంటల దిక్కు ఒంటి వేడి అన్నిటికంటే తక్కువ ఉంటది, నైట్ షిఫ్టుల చలి పెట్టి కండ్లు మూసుకపోయేది కూడా ఆ టైముకే.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. తెలవనిది, అసలు ముఖ్యమైనది ఇంకొకటుంది. గడియారం మెదడుల ఒక్కటే లేదు. లివర్ల ఉంది, ఇన్సులిన్ తయారు చేసే ప్యాంక్రియాస్ల ఉంది, పేగుల్ల, కండల్ల, కొవ్వుల, దేని గడియారం దానిదే. మెదడు గడియారం వెలుతురు చూసి టైము పెట్టుకుంటే లివర్ గడియారం తిండి చూసి పెట్టుకుంటది. 2000ల ఎలుకల మీద ఒక ప్రయోగం చేసిండ్రు. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు, వాటికి పగటిపూటనే మేత పెట్టిండ్రు, కొన్ని రోజులకు లివర్ గడియారం పూర్తిగ తిరగబడి పగటికి వచ్చేసింది, మెదడు గడియారం మాత్రం తన జాగల అట్లనే ఉంది. ఒకే శరీరంల రెండు టైములు. పాత బాయిల ఊర్లల్ల సైరన్ మోగితే ఊరంతా దాని మీదనే నడిచేది, హోటల్ల పొయ్యి అంటించుడు కాంచి పిల్లల బడి దాక, అదే ఊర్ల నాలుగు బాయిలు నాలుగు టైములకు సైరన్ మోగిస్తే ఎట్లుంటదో నైట్ షిఫ్టుల తినే మనిషి ఒళ్లు అట్లుంటది. మెదడు పండుకో అంటది, లివర్‌కు అన్నం అందింది కాబట్టి పగలైంది అనుకుంటది, ప్యాంక్రియాస్ ఏమో ఎటూ తేల్చుకోక సగం నిద్రల ఇన్సులిన్ వదులుతది.

ప్యాంక్రియాస్ సగం నిద్రల ఉంటది అన్నది ఊరికె అన్న మాట కాదు. ఇన్సులిన్ తయారు చేసే కణాల మీద మెలటోనిన్ పట్టుకునే రిసెప్టర్లు ఉన్నయి, మెలటోనిన్ వచ్చిందంటే ఇన్సులిన్ తగ్గుతది, రాత్రి ఎట్లైనా తినరు కదా అని శరీరం పెట్టుకున్న ఏర్పాటు అది. వేల ఏండ్లు అది సరిగ్గనే పనిచేసింది, ఎందుకంటే చీకట్ల ఎవరూ తినలే. ఇప్పుడు అదే ఏర్పాటు మీద అర్ధరాత్రి టిఫిన్ డబ్బా విప్పితే చక్కెర ఎక్కువ, ఇన్సులిన్ తక్కువ. 2015ల అమెరికాల చేసిన ఒక స్టడీల ఒకే రకం భోజనం పొద్దున 8కి పెట్టి, అదే భోజనం రాత్రి 8కి పెట్టి చూస్తే తిన్నంక రక్తంల చక్కెర రాత్రి 17 శాతం ఎక్కువ ఉంది, తిండి అదే, మనిషి అదే, టైము ఒక్కటే మారింది. రాత్రి 8కే అట్లుంటే రాత్రి 2కు సంగతి వేరే చెప్పే అవసరం లేదు.

ఇంకా గట్టి సాక్ష్యం 2009ల వచ్చింది, బోస్టన్‌ల. ఆరోగ్యంగ ఉన్న 10 మందిని ల్యాబ్‌ల పెట్టి రోజును 28 గంటలు చేసిండ్రు, అంటే తినుడు, పండుడు, లేసుడు అన్నీ రోజు రోజుకు 4 గంటలు జరుగుకుంట పోతయి, లోపలి గడియారం మాత్రం తన 24 గంటలు తను తిరుగుతుంటది, కొన్ని రోజులకు రెండూ పూర్తిగ ఎదురెదురు పడతయి, రాత్రి తిని పగలు పండుకున్నట్టు. అట్ల ఎదురుపడ్డప్పుడు కొలిస్తే కడుపు నిండింది చాలు అని చెప్పే లెప్టిన్ 17 శాతం తగ్గింది, గ్లూకోజ్ 6 శాతం పెరిగింది, ఇన్సులిన్ 22 శాతం పెరిగింది, సగటు బీపీ 3 శాతం పెరిగింది, పొద్దున ఎక్కువ ఉండాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ తలకిందులైంది. ఇందుల గుండె గుబేలుమనే విషయం ఏందంటే లెక్కకు దొరికిన 8 మందిల 3 మందికి తిన్నంక షుగర్ ప్రీ డయాబెటిస్ (షుగర్‌కు ముందటి మెట్టు) స్థాయికి పోయింది. వాళ్లు అంతకుముందు షుగర్ వాసన కూడా లేనోళ్లు. ఏండ్లు కాదు, కొన్ని రోజుల పనే అది. ఇన్సులిన్ పెరిగింది కదా మంచిదే కదా అని కొందరికి అనిపించొచ్చు, కాదు, ఇన్సులిన్ ఎక్కువ ఉండి కూడా చక్కెర దిగలేదంటే శరీరం ఆ ఇన్సులిన్ మాట వింటలేదని అర్థం, టైప్ 2 షుగర్ మొదలయ్యేది అక్కడనే.

నిద్ర తగ్గుడు దీని మీద ఇంకో దెబ్బ. 2004ల 12 మంది పడుచు పిల్లగాండ్లను రెండు రాత్రులు 4 గంటలే పండుకోనిస్తే ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి కూడా దానికి తగ్గట్టే పెరిగింది, అదీ ఏ తిండి మీద అంటే తీపి, ఉప్పుకారం, పిండి పదార్థం. ఇప్పుడు అర్ధరాత్రి దాటినంక డ్యూటీ మీద ఉన్న మనిషి చెయ్యి ఏ కూరగాయల మీదికో పోకుండ బిస్కెటు ప్యాకెటు మీదికి, మిర్చి బజ్జి మీదికి, చక్కెర దండిగ ఏసిన చాయ మీదికి ఎందుకు పోతదో అర్థమైతది, అది నోరు కట్టుకోలేక కాదు, లోపల హార్మోన్లు అటే తోలుతయి. ఇంట్లోళ్లు నువ్వు తిండి ఆపుకోవు అని దెప్పుడు అన్యాయం. ఇగ ఖర్చయ్యే క్యాలరీల సంగతి చూస్తే అదీ తగ్గుతది, 2014 స్టడీల నైట్ షిఫ్టు రెండో రోజు, మూడో రోజు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తి సుమారు 3 శాతం చొప్పున తగ్గింది. 3 శాతం అంటే చిన్నగనే కనపడతది, కానీ 2,000 క్యాలరీల మీద 60, ఒక చిన్న రొట్టె అంత, నెలకు పది నైట్లు, అట్ల ఇరవై ఏండ్లు.

ఏండ్ల లెక్క కూడా ఉంది. అమెరికాల 1 లక్షా 77 వేల మంది నర్సులను 18 నుంచి 20 ఏండ్లు వెంబడి చూసి 2011ల రాసిండ్రు, అప్పుడప్పుడు నైట్లు పడే రొటేషన్ డ్యూటీ ఒకటి రెండేండ్లు చేసినోళ్లకు షుగర్ వచ్చే అవకాశం 5 శాతం ఎక్కువ, 3 నుంచి 9 ఏండ్లకు 20 శాతం, 10 నుంచి 19 ఏండ్లకు 40 శాతం, 20 ఏండ్లు దాటితే 58 శాతం. ఈ 58 శాతం అనే మాటను తప్పుగ అర్థం చేసుకునేది చాలా ఉంటది, నూటికి 58 మందికి షుగర్ వస్తదని కాదు, పగటి డ్యూటీలు చేసే నూరు మందిల పది మందికి వచ్చే దగ్గర నైట్లు చేసిన నూరు మందిల పదహారు మంది దాక వస్తదని. ఇంకో విషయం, బరువు పెరిగిన లెక్కను పక్కకు తీసేసి చూస్తే ఆ 58 కాస్త 24కు దిగింది. అంటే నష్టంల పెద్ద భాగం బరువు తొవ్వనే వస్తుంది, మిగిలింది బరువు పెరగకున్నా వస్తుంది. సన్నగనే ఉన్న కదా నాకేమైతది అనుకునేటోళ్లు ఆ మిగిలినదాన్ని చూడాలె. గుండె సంగతి కూడా ఇట్లనే, 20 లక్షల మందికి పైన ఉన్న స్టడీలన్నీ కలిపి 2012ల చూస్తే షిఫ్టు పనులల్ల గుండెపోటు అవకాశం 23 శాతం ఎక్కువ కనపడ్డది.

ఇవన్నీ తెల్లోళ్ల దేశాల లెక్కలు కదా అంటే, మన ఒంటితోని ఇంకా జాగ్రత్తగ ఉండాల్సి వస్తది. మన దగ్గర తక్కువ బరువుకే, చిన్న వయసుకే షుగర్ వస్తది, చేతులు కాళ్లు సన్నగ ఉండి పొట్ట ఒక్కటే ఉన్న మనిషి ప్రతి వాడల కనపడతడు, అందుకే మగోళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటితే హెచ్చరిక అని ఆసియా వాళ్లకు వేరే కొలత పెట్టిండ్రు. ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఇండియాబ్ అనే షుగర్ సర్వే లెక్క 2023ల బయటికొచ్చింది, దేశంల 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మంది ప్రీ డయాబెటిస్‌ల ఉన్నరు. దీని మీద మన నైట్ డ్యూటీ తిండి ఎట్లుంటదో చూడుండ్రి. రాత్రి 9కి ఇంట్ల కంచం నిండ అన్నం తిని ఎల్తరు, ఒంటిగంటకో రెండింటికో డబ్బాల కట్టుకపోయిన అన్నం మళ్ల తింటరు, నడుమ మూడు నాలుగు చాయలు, పొద్దున డ్యూటీ దిగినంక బస్టాండు కాడ పూరీయో ఇడ్లీయో, ఇంటికొచ్చి పండుకోని మధ్యాహ్నం మూడింటికి లేసి మళ్ల అన్నం. 24 గంటలల్ల నాలుగు సార్లు, నాలుగు సార్లూ పిండి పదార్థమే, కడుపుకు ఎడం అనేది ఎక్కడా లేదు. ముందటి తరం జొన్న గటుక, అంబలి తాగింది కాబట్టి బాగున్నరు అని కొందరంటరు గానీ వాళ్లు తాగింది ఏదైనా రోజంతా ఒళ్లు వంచి పని చేసిండ్రు. ఇప్పటి ఓపెన్‌కాస్టుల డంపర్ ఆపరేటరు ఎనిమిది గంటలు సీట్లనే కూసుంటడు, కంట్రోల్ రూముల ఇంజినీరు స్క్రీన్ ముందటనే. తిండి పాతదే, పని మారిపోయింది.

ఇన్ని చెడ్డ లెక్కల నడుమ ఒక్క మంచి లెక్క ఉంది, దాని గురించి ఈ దిక్కు ఎక్కువ మాట్లాడాలె అనిపిస్తది. 2021ల 19 మందితోని ల్యాబ్‌ల నైట్ డ్యూటీ లాంటిది చేయించిండ్రు, అందరూ రాత్రి మేలుకోని పగలు పండుకున్నరు, కానీ సగం మంది దాక రాత్రిపూట కూడా తిన్నరు, మిగిలినోళ్లు పగటిపూటనే తిన్నరు, మొత్తం తిండి మాత్రం సమానం. రాత్రి తిన్నోళ్లకు గ్లూకోజ్ 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నోళ్లకు పెరగలే. నిద్ర తలకిందులైంది ఇద్దరికీ ఒకటే, తేడా చూపించింది తినే టైము ఒక్కటే. అంటే నైట్ షిఫ్టుల మెదడు గడియారాన్ని మనం మార్చలేకపోవచ్చు గానీ లివర్ గడియారం తాళంచెవి టిఫిన్ డబ్బాల ఉంది. 19 మంది అంటే చిన్న స్టడీనే, ల్యాబ్ వేరు బాయి వేరు, అయినా నష్టం ఏ దారిన వస్తుందో ఇంత సాఫ్‌గ చూపించింది తక్కువ.

మరి దీన్ని ఇంట్ల ఎట్ల పెట్టుకోవాలె? డ్యూటీకి ఎల్లే ముందు సాయంత్రం 7, 7.30 లోపలనే అసలు భోజనం అయిపోవాలె, కూర పప్పు గుడ్డు ఎక్కువ, అన్నం తక్కువ. అర్ధరాత్రి నుంచి పొద్దున 5, 6 దాక పెద్ద భోజనం వద్దు. కడుపు కాలితే ఉడకవెట్టిన పల్లీలో శనగలో, గుడ్డో, పలచటి మజ్జిగో, గుప్పెడంత. పొద్దున ఇంటికొచ్చి కొంచెం తిని పండుకోవచ్చు, ఆకలితోని పండుకుంటే రెండు గంటలకే మెలకువ వస్తది. హమాలీకి, బొగ్గు పొరల కాడ రెక్కల మీద పని చేసేటోనికి ఇది అట్లనే వర్తించది, బరువు పని చేసే మనిషిని రాత్రంతా పస్తు ఉండుమనడం పాపం, కండ పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ లేకున్నా చక్కెరను లోపలికి లాగుతది కూడా, కాబట్టి కూసోని చేసే నైట్‌కూ మోసే నైట్‌కూ ఒకే రూలు పెట్టొద్దు. ఇంకో సంగతి గట్టిగ చెప్పాలె, షుగర్‌కు ఇన్సులిన్ సూది తీసుకునేటోళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు మింగేటోళ్లు డాక్టర్‌ను అడగకుండ రాత్రి తిండి బంద్ చేయొద్దు, షుగర్ ఒక్కసారి పడిపోతే మిషన్ కాడనో స్టీరింగ్ కాడనో ఉన్నప్పుడు ప్రాణం మీదికి వస్తది.

చాయ సంగతి తొందరగ చెప్పేస్తే, షిఫ్టు మొదటి సగంల తాగితే మేలే చేస్తది, తెల్లారగట్ల తాగితే దాంట్ల కెఫీన్ సగం కరగనీకే ఐదు గంటల దాక పడతది, ఆ పగటి నిద్ర పాడైనట్టే.

అలవాటైపోతది లే అని పెద్దలు అంటరు, శానా ఏండ్లు చేసినోళ్లు కూడా నాకు అలవాటైంది అంటరు. మేలుకోవుడు అలవాటైతది, గడియారం అలవాటు కాదు. ఎందుకంటే అది రోజుకు సుమారు గంట మాత్రమే జరగగలదు, ఏడెనిమిది గంటలు జరగాలంటే వారం పడతది, అది కూడా ఏ అడ్డూ లేకుంటే. పొద్దున 7కు షిఫ్టు దిగి బయటికి రాంగనే ముఖం మీద ఎండ కొడతది, కంట్ల ఆ కణాలు ఎస్సీఎన్‌కు తెల్లారింది అని చెప్తయి, రాత్రంతా జరిగిందంతా మళ్ల వెనక్కి. వీక్లీ ఆఫ్ నాడు ఇంట్లోళ్లతోని కలిసి పగలు మేలుకోని రాత్రి పండుకుంటరు, తప్పు కూడా కాదు అది, పిల్లల ముఖం చూడాలె కదా, దాంతోని ఇంకా వెనక్కి. ఇగ వారం వారం షిఫ్టు మారే దగ్గర గడియారం సగం దారిల ఉండంగనే కొత్త వారం వస్తది. పర్మనెంట్‌గ నైట్లే చేసేటోళ్లల్ల కూడా మెలటోనిన్ పూర్తిగ పగటికి మారినోళ్లు నూటికి ముగ్గురు కూడా లేరని 2008ల స్టడీలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది.

షిఫ్టు ఏ దిక్కు తిరుగుతుందో అది కూడా లెక్కనే. మనిషి గడియారం 24 గంటల కంటే కొంచెం పెద్దది అన్నం కదా, కాబట్టి ఆలస్యంగ పండుకోవుడు దానికి సులువు, ముందుగాల పండుకోవుడు కష్టం. ఫస్ట్ తర్వాత సెకండ్, సెకండ్ తర్వాత నైట్ పడితే ముందుకు జరిగినట్టు, ఒళ్లు కొంచెం తట్టుకుంటది. నైట్ తర్వాత సెకండ్, సెకండ్ తర్వాత ఫస్ట్ అయితే వాగుకు ఎదురీదినట్టు. 1982ల అమెరికా ఉటా రాష్ట్రంల ఒక ఖనిజాల కంపెనీల వారం వారం వెనక్కి తిరిగే షిఫ్టును ముందుకు తిప్పి, మూడు వారాలకు ఒకసారి మార్చి చూస్తే కార్మికులకు ఆరోగ్యం మెరుగైంది, పని వదిలిపోయేటోళ్లు తగ్గిండ్రు, కంపెనీకి ఉత్పత్తి కూడా పెరిగింది. దీనికి రూపాయి ఖర్చు లేదు, మస్టర్ల పేర్లు రాసే వరుస మార్చుడే. యూనియన్ల మీటింగులల్ల జీతం, అలవెన్సు, డిపెండెంట్ ఉద్యోగాలు అన్నీ వస్తయి, రావాలె కూడా, షిఫ్టు తిరిగే దిక్కు మాత్రం రాదు. అది డిమాండ్ల లిస్టుల ఉండాల్సిన మాట.

పగటి నిద్ర ముచ్చట ఈ దిక్కు వేరేనే. రామగుండం ఎండాకాలం అంటే రాష్ట్రంల అందరికీ తెలుసు, 45 దాటిన రోజులు చూస్తనే ఉంటం, రేకుల ఇంట్ల, పై అంతస్తు క్వార్టర్ల మధ్యాహ్నం పండుకోవుడు అంటే పొయ్యి మీద పండుకున్నట్టే. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి తగ్గాలె, పగలు లోపలి గడియారం ఒంటి వేడిని పెంచుతుంటది, బయట ఎండ ఇంకో దిక్కు, అందుకే పగటి నిద్ర ఐదారు గంటలకు మించది. కిటికీకి నల్లటి మందం గుడ్డ, కూలర్ (దాని చప్పుడు వాడల చప్పుడును కప్పేస్తది, అదీ లాభమే), డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు నల్ల కండ్లద్దాలు, కాకపోతే బండి నడిపేటోళ్లు నిద్ర మత్తుల ఉన్నప్పుడు అద్దాలు పెట్టుకోని నడపొద్దు. ఇవన్నీ చేసినా నల్లా వచ్చే టైము, పక్కింట్ల పెండ్లి డీజే, బడి నుంచి పిల్లలు వచ్చే టైము ఎవరి చేతిల లేవు.

ఆడోళ్ల నైట్ డ్యూటీ గురించి వేరే చెప్పాలె, ఎందుకంటే ఈ స్టడీలు ఎక్కువ నర్సుల మీదనే జరిగినయి, మన దగ్గర ఆ నర్సుల పగలు ఎట్లుంటదో ఆ లెక్కలల్ల కనపడది. మగమనిషి నైట్ దిగి ఇంటికొస్తే ఇంట్ల సప్పుడు చేయకుండ్రి నాయన పండుకుండు అంటరు. స్టాఫ్ నర్సు నైట్ దిగి ఇంటికొస్తే పిల్లల టిఫిన్ బాక్సులు, అత్తకు గోలీలు, బట్టలు, మధ్యాహ్నం వంట, అన్ని అయ్యి పండుకునేసరికి పన్నెండు, మూడింటికి పిల్లలు వచ్చేస్తరు. మూడు గంటలు పండుకున్న మనిషి ఆ రాత్రి మళ్ల ఐసీయూల నిలబడాలె. బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా, ఇంట్ల శుభకార్యాలు వస్తే ఆ మూడు గంటలు కూడా పోతయి. లెప్టిన్ గ్రెలిన్ లెక్కలు ఎవరి మీద గట్టిగ పనిచేస్తయి అంటే ఇగో ఈ మనిషి మీద. ఇంట్ల మిగిలినోళ్లు ఆ నాలుగు గంటల పని ఎత్తుకుంటే అది ఏ గోలీ కంటే తక్కువ మందు కాదు.

ఇగ టెస్టుల సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. ఫాస్టింగ్ షుగర్ అంటే రాత్రంతా పండుకోని, ఎనిమిది పది గంటలు కడుపు ఖాళీగ ఉన్నంక పొద్దున ఇచ్చే రక్తం. నైట్ దిగి పొద్దున 8కి ల్యాబ్‌కు పోయి రక్తం ఇస్తే, రాత్రి రెండింటికి అన్నం తిని నాలుగింటికి చాయ తాగి ఉంటే, అది ఫాస్టింగ్ కాదు. రాత్రి ఏం తినకున్నా మేలుకోని పని చేసిన ఒంట్ల కార్టిసాల్ తారుమారై ఉంటది కాబట్టి లెక్క అటిటు అయితది. గని కార్మికులకు మైన్స్ రూల్స్ ప్రకారం ఐదేండ్లకు మించకుండ పీఎంఈ (ఒళ్లు చూసే డాక్టర్ పరీక్ష) జరగాలె, ఊపిరితిత్తులు, చూపు, చెవులు చూస్తరు, షుగర్‌కు మాత్రం ఐదేండ్లు చాలా దూరం, ఆ నడుమల ప్రీ డయాబెటిస్ కాస్త షుగర్ అయ్యి కండ్ల దాక పోయి ఉంటది. నైట్లు చేసేటోళ్లు 30 దాటినంక ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకునుడు మంచిది, అది మూడు నెలల సగటు చెప్తది, ఏ షిఫ్టు దిగి ఇచ్చినా ఒకటే. కాకపోతే రక్తం తక్కువ ఉన్న ఆడోళ్లల్ల ఈ టెస్టు ఉన్నదానికంటే ఎక్కువ చూపియ్యొచ్చు, ఆదిలాబాద్ దిక్కు గోండు, కోలాం గూడేలల్ల సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నోళ్లల్లనైతే ఈ టెస్టును నమ్మనీకే లేదు, వాళ్లకు గ్లూకోజ్ టెస్టులే చేయాలె. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఏం తిన్నవ్ అని అడుగుతరు గానీ ఏ షిఫ్టుల ఉన్నవ్ అని అడిగేది తక్కువ, కాబట్టి అడగకున్నా చెప్పాలె, ఈ వారం నైట్ సార్, వచ్చే వారం ఫస్ట్, గోలీ ఏ టైముకు మింగాలె అని. చీటీ మీద పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని రాసి ఉంటది, నైట్ షిఫ్టు మనిషికి పొద్దున అంటే లేసే టైమా పండుకునే టైమా అనేది అక్కడనే, ఆ కుర్చీల కూసున్నప్పుడే రాయించుకోని రావాలె.